శనివారం ఇనుము

మొన్న అన్నం తింటూ తింటూ పళ్ళెం తోసేసి లేచిపోయాను. ఈ వయసులో నాలో ఇంత కోపం ఇంకా మిగిలి ఉందని నాకే తెలియదు.

జరిగింది చిన్న విషయమే. మా మనవడు కారు కొనుక్కున్నాడు. శనివారం వచ్చి బండి తీసుకుపొమ్మని షోరూం వాళ్ళు ఫోన్ చేశారు. మనవడి భార్య చదువుకున్న పిల్ల, మంచి ఉద్యోగం చేస్తోంది. శనివారం ఇనుము ఇంటికి తేకూడదంటారు కదా నానమ్మా, ఆదివారం తెచ్చుకుందామా అని నన్నే అడిగింది. ఇంట్లో పెద్దదాన్ని కాబట్టి ఔనంటానని ఆమె ఉద్దేశం. పప్పన్నం నేలంతా పడింది. బీపీ పెరిగిందేమోనని అందరూ నా చుట్టూ మూగారు. బీపీ లేదు, ఏమీ లేదు. మా ఇంటి లారీ గుర్తొచ్చింది.

మా పుట్టిల్లు తాండూరు. ఊరి చివర పెద్ద వాకిలి, వాకిలి నిండా నాపరాళ్ళు, ఒక పక్క పశువుల కొట్టం. నిజాం రాజ్యం పోయిన కొన్నాళ్ళకు మిలిటరీ వాళ్ళ పాత లారీలు పట్నంలో హర్రాజు వేస్తున్నారని ఎవరో చెబితే, మా నాయిన పోయి ఒకటి పాడుకొచ్చాడు. పచ్చరంగు వెలిసిపోయి, ముక్కు ముందుకు పొడుచుకొచ్చి, ముందర ఒక దీపం లేకుండా వచ్చిందది. అప్పటిదాకా కంది చేలు తప్ప వేరే ధ్యాస లేని మనిషికి, గనుల నుంచి బండలు మోయించే వ్యాపారం మీద మనసు పడింది.

లారీ వచ్చిన రోజు అవ్వ, అంటే నాయిన తల్లి, దానికి దిష్టి తీసి, ముక్కు మీద పసుపు పూసి, కుంకుమ పెట్టి, హారతిచ్చి లోపలికి పిలిచింది. మా ఇంటికి కొత్త కోడలొచ్చిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. తను కాపురానికి వచ్చినప్పుడు ఇందులో సగం మర్యాద కూడా జరగలేదని అమ్మ తర్వాత చెప్పేది. అప్పట్లో నవ్వుతూనే చెప్పేది.

లారీలు బాగుచేసే షెడ్లు అప్పుడు తాండూరులో ఎక్కడివి? ఏది చెడినా మా వాకిట్లోనే విప్పాలి, వాకిట్లోనే బిగించాలి. జాకీ ఆగకపోతే ఇరుసు కింద బండముక్కలు పేర్చేవారు. ఇంజను సామాను గోనెసంచి మీద పరిచి, అమ్మ మిరపకాయలు ఎండబోసుకునే జాగాలో ఆరబెట్టేవారు. మందులు సగం వంటింట్లోంచే పోయేవి. రేడియేటర్ కారితే నీళ్ళలో గుప్పెడు పసుపు కలిపి పోసేవారు, ఆ పసుపు పోయి చిల్లుకు అడ్డం పడేది. పెట్రోలు ట్యాంకు చెమ్మగిల్లితే బట్టల సబ్బు మెత్తగా చేసి అద్దేవారు. బ్రేకు నూనె దొరక్కపోతే ఇంట్లో కాచిన ఆముదం. తుడవడానికి అమ్మ పాత చీరలు. తనకు జ్వరమొస్తే మిరియాల కషాయం పెట్టే దిక్కు లేదు గానీ దీనికి మాత్రం ఇంటిల్లిపాదీ వైద్యులేనని అమ్మ గొణుక్కునేది.

పెట్రోలు, గ్రీజు, ఆముదం, పక్కనే పేడ, లోపల పొయ్యి మీద జొన్నరొట్టె. ఈ వాసనలన్నీ కలిసి మా బట్టలకు, జుట్టుకు పట్టేవి. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. నాకు మాత్రం ఆ వాసన ఎంత ఇష్టమో చెప్పలేను. నేనూ తమ్ముడూ పగిలిన బేరింగుల్లోని ఇనుప గుండ్లు దొంగిలించి గోలీలాడేవాళ్ళం. హారన్ రబ్బరు బుడ్డి పిసికి ఎడ్లను బెదరగొట్టి అవ్వ చేత తిట్లు తినేవాళ్ళం. ఒకసారి మా కోడి డ్రైవరు సీటు కింద గుడ్లు పెట్టి పొదిగింది. లారీ రిపేరులో ఉంది కాబట్టి సరిపోయింది. కోడిపిల్లలు బయటికొచ్చేదాకా ఆ సీటును ఎవర్నీ కదపనివ్వలేదు ఉస్తాద్.

ఉస్తాద్ అంటే మా డ్రైవరు. డ్రైవరే మెకానిక్కు కూడా. పెద్ద ఒళ్ళు, చిన్న గొంతు. కొట్టం పక్క గదిలో భార్యతో ఉండేవాడు. మేము ఆయన్ను చాచా అని, ఆమెను చాచీ అని పిలిచేవాళ్ళం. ఆ లారీ కింద ఆయన వెల్లకిలా పడుకుంటే కాళ్ళు మాత్రమే బయటికి కనిపించేవి. నేను ఆ కాళ్ళతో మాట్లాడేదాన్ని. ఆ స్పానర్ ఇయ్యి బిడ్డా, ఈ నట్టు పట్టుకో బిడ్డా అంటూ, మధ్యలో పట్నం ముచ్చట్లు చెప్పేవాడు.

ఆయనకు అన్నం పెట్టే సత్తు పళ్ళెం వేరు. అది కొట్టం గూట్లో ఉండేది, తిన్నాక ఆయనే కడిగి పెట్టుకోవాలి. లారీకి హారతిచ్చిన అవ్వ, దాన్ని నడిపేవాడి పళ్ళెం ముట్టుకునేది కాదు. రంజాన్ పండుగకు వండిన సేమ్యా మా ఇంట్లో తినరని చాచీ పచ్చి సేమ్యా, చక్కెర, ఖర్జూరాలు విడివిడిగా తట్టలో పెట్టి పంపేది. వండింది మేము లారీ చాటున నక్కి తినేవాళ్ళం. అమ్మకు తెలుసు. మూతులు తుడుచుకుని రమ్మనేది, అంతే.

అవ్వకు శనివారమంటే హడల్. శనివారం ఇనుము గడప దాటకూడదు. సూదైనా సరే. కమ్మరి కొడవలి సానబెట్టి తెస్తే రేపు రమ్మని పంపేది. మరి లారీ శనివారం బయటికి పోయి మళ్ళీ లోపలికి వస్తుంది కదా, అది ఇనుము కాదా అని నేను ఒకసారి అడిగాను. కోడలు పుట్టింటికి పోయొస్తే ఇంట్లోకి రానివ్వమా అంది. అందరూ అవ్వ తెలివికి మురిసిపోయారు. శనివారం కిరాయికి పోవచ్చు, కిరాయి తేవచ్చు. ఇనుము మాత్రం రాకూడదు. చిన్నదాన్నైనా ఇదేమి న్యాయమో నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు బాగానే అర్థమవుతోంది.

ఒక చలికాలం, కందులు ఇంటికి చేరే రోజుల్లో, లారీకి బ్రేకులు పోయాయి. బ్రేకు తొక్కితే ప్రతి చక్రం దగ్గరా చిన్న రబ్బరు కప్పులు నూనె ఒత్తిడికి కదిలి చక్రాన్ని పట్టిస్తాయట. ఆ రబ్బర్లు ముసలివై నూనె కారిపోతోందని చాచా నాకు విప్పి చూపించాడు. నాయినకూ చూపించాడు. నాయిన ఆ మెత్తబడిన రబ్బరును వేళ్ళ మధ్య నలిపి చూడడం నా కళ్ళతో నేను చూశాను. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

కొత్త రబ్బర్లు పట్నం నుంచి రావాలి. అందాకా చాచా పాత చెప్పుల తోలు గుండ్రంగా కోసి, ఆముదంలో నానబెట్టి, రబ్బర్ల బదులు బిగించాడు. వాకిట్లో లారీని ముందుకూ వెనక్కూ నడిపి చూసి, దిగి వచ్చి నాయినతో చెప్పాడు.

"చదును తొవ్వల ఫికర్ లేదు పటేలా. బరువేసుకొని గుట్ట మాత్రం ఎక్కద్దు. తోలు ఆగది."

నాయిన సరేనన్నాడు. అన్నాడు గానీ, వికారాబాదులో ఒక పెద్దమనిషి కొత్త ఇంటికి మెట్ల బండలు పంపుతానని అప్పటికే మాటిచ్చి ఉన్నాడు. గృహప్రవేశం ఆదివారం. వికారాబాదు పోవాలంటే అనంతగిరి గుట్ట ఎక్కాలి. శుక్రవారం సాయంత్రమే బండలు నింపిన లారీ వచ్చి వాకిట్లో నిలబడింది. రబ్బర్లు వస్తాయి, పొద్దున బిగించుకుని పోవచ్చని అందరూ అనుకున్నారు.

రబ్బర్లు వచ్చాయి. శనివారం పొద్దున ప్యాసింజర్‌లో దిగాయి. స్టేషన్ హమాలీ ఒక చిన్న చెక్కపెట్టె భుజాన పెట్టుకుని మా గడప దాకా వచ్చాడు. అరుగు మీద కందులు చెరుగుతున్న అవ్వ, అదేమిటని అడిగింది. లారీ సామాను అన్నాడు. అక్కడే ఆగమంది. పెట్టెను గోడ బయట, వీధిలో పెట్టించింది.

చాచా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఇందులో ఇనుము లేదు పెద్దమ్మా, రబ్బరు సామాను అని చెప్పాడు. ఇంత లారీని రబ్బరు ముక్క ఆపుతుందంటే నమ్మడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా అంది అవ్వ. విప్పి చూపిస్తానన్నాడు. శనివారం విప్పడమేమిటంది. అప్పుడు ఆయన ఇంకో ఉపాయం చెప్పాడు.

"పెట్టె లోపలికి తేను పెద్దమ్మా. బండినే గోడ అవతలికి తీస్త. ఆడనే ఇప్పుత, ఆడనే బిగిస్త. పగటీలి బువ్వ యాళ్ళకు అయిపోతది."

"బండి నా కోడలసొంటిది," అంది అవ్వ. "దాని ఒంటి మీద పెడితే నా ఇంట్ల పెట్టినట్టే. శనారం నాడు వద్దంటే వద్దు."

చాచా నాయిన వైపు చూశాడు. నేనూ చూశాను. నాయినకు తెలుసు అది రబ్బరని. తన వేళ్ళతో నలిపి చూసిన మనిషి. ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట రాలేదు. ఊళ్ళో పంచాయితీలు చెప్పేవాడు, హమాలీల మీద గుడ్లురిమేవాడు, తల్లి ముందు నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డాడు. పోనీ, ప్రయాణమన్నా ఆపాడా? అదీ లేదు. తల్లి మాటా పోవద్దు, పెద్దమనిషికి ఇచ్చిన మాటా పోవద్దు. రెండు మాటల మధ్య పోయేది ఇంకొకడి ప్రాణం కదా, నష్టమేముంది?

"రేపు బిగిద్దం ఉస్తాద్. ఇయ్యాల మెల్లగ పోయిరా," అన్నాడు.

"గుట్ట ఉన్నది గద పటేలా."

"నువ్వు మస్తుసార్లు ఎక్కిచ్చినవ్. నీకు నేను చెప్పాల్నా."

తలుపు చాటు నుంచి అమ్మ, వద్దని చెప్పండి అని మెల్లగా అంది. నాయిన వినపడనట్టు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. చాచా ఒకసారి ఆ పెట్టె వైపు చూశాడు. ఆయన ఉండే గది మాది, తినే తిండి మాది. సరే పటేలా అన్నాడు. అవ్వ లేచి లారీకి ఎదురొచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అవి చితికిన చప్పుడు విని తృప్తిగా లోపలికి పోయింది. పెట్టె వీధిలో ఎండలో ఉంది.

బండలు దించడానికి లారీ మీద పోయిన హమాలీల్లో ఒకడు సాయంత్రం ప్యాసింజర్‌కు తిరిగొచ్చాడు. బట్టల నిండా రాతిపొడి. గడప బయటే నిలబడి చెప్పాడు. గుట్ట మీద మలుపు దగ్గర గేరు జారి ఇంజను ఆగిపోయిందట. చాచా బ్రేకు తొక్కితే కాలు అడుగు దాకా పోయిందట. లారీ వెనక్కు దొర్లడం మొదలుపెట్టింది. పైన బండల మీద హమాలీలు కూర్చుని ఉన్నారు. దుంకండని చాచా అరిచాడు. ఆయనా దూకగలిగేవాడే. దూకితే లారీ వాళ్ళ మీదికే పోయేదట. స్టీరింగ్ వదలకుండా, వెనక భాగాన్ని గుట్ట వైపు తిప్పి కొట్టించాడు. లారీ పక్కకు పడిపోయింది. బండలు క్యాబిన్ మీదికి జారాయి. హమాలీలు అందరూ బతికారు. చాచా కుడి కాలు బండల కింద నుజ్జయిపోయింది.

చాచీ అరుపు నేను ఇక్కడ రాయను.

అవ్వ రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుంది. పాపం అంటుందనుకున్నాను.

"సూసిండ్రా? ఆ పెట్టె లోపలికొస్తే గీ కీడు మనింటి మీద పడేది. గోడ అవతలున్నది కాబట్టి పరాయోని మీదికి పోయింది."

మరునాడు పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ ఇదే మాట. వాళ్ళూ తలలాడించారు. పెద్దల మాట ఊరికే పోదన్నారు. ఒకరు శని మహాత్మ్యం చెప్పారు. ఒకరు డ్రైవరుదే అజాగ్రత్త అన్నారు. గుట్ట కింద చాయ తాగుతూ కూర్చున్నాడట, అందుకే తొందరపడ్డాడట. చాయ తాగితే బ్రేకులు పోతాయని నాకు ఆ రోజే తెలిసింది. అమ్మ అందరికీ నీళ్ళిచ్చింది. తర్వాత చెంగు నడుముకు చెక్కుకుని, వీధిలోకి పోయి, ఆ పెట్టె తెచ్చి అరుగు మీద అవ్వ ముందు పెట్టింది. పచ్చడిబండతో మూత పగలగొట్టింది. రంపపు పొట్టు, కాగితం, వాటి మధ్య నల్లని చిన్న చిన్న రబ్బరు కప్పులు. పిల్లలాడుకునే గిన్నెల్లా ఉన్నాయి. అమ్మ ఒక్కొక్కటే తీసి వరుసగా పరిచింది.

"ఇందుల ఇనుమెక్కడున్నది అత్తమ్మా? జర చూపియ్యి."

మా ఇంట్లో కోడలు అత్తను అలా అడగడం ఎవరూ ఎరగరు. అరుగు మీదున్న ఆడవాళ్ళు మెడలు చాచి పెట్టెలోకి చూశారు. నాయిన తల వంచుకున్నాడు. అవ్వ మాత్రం తల వంచలేదు. రబ్బర్లను చూసింది, పొట్టు చూసింది, పగిలిన మూత చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"పెట్టెకు మొలలున్నయి గద," అంది.

అంతే. పెట్టెకు మొలలున్నాయి, చెక్కలు బిగించిన మేకులు. అది విని అక్కడున్న వాళ్ళకు ఊపిరి తిరిగింది. ఔను కదా, మొలలు ఇనుమే కదా అనుకుంటూ ఇళ్ళకు పోయారు. నా ఒళ్ళు ఇప్పటికీ మండుతుంది. తెలియక చేసిన తప్పయితే మనిషిని క్షమించవచ్చు. కళ్ళ ముందు రుజువు పరిచినా మొలలు వెతుక్కునే వాళ్ళను ఏం చెయ్యాలి?

చాచా పట్నం దవాఖానా నుంచి ఒంటి కాలితో, చంకల్లో కర్రలతో తిరిగొచ్చాడు. నాయిన కొన్నాళ్ళు తిండికి లోటు చెయ్యలేదు. అది పెద్ద ధర్మమని ఊళ్ళో చెప్పుకున్నారు కూడా. తర్వాత కొత్త డ్రైవరు కుదిరాడు, అతనికి గది కావలసి వచ్చింది. చాచా, చాచీ ఎడ్లబండి మీద సామాను వేసుకుని చాచీ పుట్టింటి వైపు, బషీరాబాద్ పోయారు. పోయేరోజు చాచీ అమ్మను కావలించుకుని ఏడ్చింది. మిగతా ఎవరి ముఖమూ చూడలేదు.

లారీని మళ్ళీ మా వాకిట్లోనే బాగుచేశారు. ఆ రబ్బర్లే బిగించారు. చాలా ఏళ్ళు ఆ లారీ బండలు వేసుకుని అనంతగిరి గుట్ట ఎక్కింది, దిగింది. ఎక్కడా వెనక్కు జారలేదు. దాని సంపాదన మీద ఇంకో లారీ వచ్చింది. తర్వాత బండలు నునుపు చేసే మిషన్లు వచ్చాయి. ఇంటి మీద మేడ లేచింది. అవ్వ పండు ముసలిదై, ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె తిని పడుకుని, నిద్రలోనే సుఖంగా పోయింది. అంత మంచి చావు పుణ్యాత్ములకే వస్తుందన్నారు.

అమ్మ మాత్రం మారిపోయింది. ఆ పెట్టె పగలగొట్టిన వారం నుంచి ప్రతి శనివారం ఏదో ఒక ఇనుప వస్తువు ఇంట్లోకి తెచ్చేది. ఒక సూది, ఒక అట్లకాడ, ఒక గొళ్ళెం, ఏమీ దొరకనప్పుడు ఎడ్ల గిట్ట నుంచి ఊడి దారిలో పడున్న నాడె. చాటుగా కాదు, అవ్వ కళ్ళ ముందు నుంచే. అవ్వ మొదట్లో శాపనార్థాలు పెట్టింది. నాయిన బతిమాలాడు. అమ్మ ఎవరికీ జవాబు చెప్పేది కాదు. తెచ్చింది వంటింట్లో పెట్టి తన పని తాను చూసుకునేది. అవ్వ పోయాక కూడా మానలేదు. కోపంతో చేస్తోందనే మేమంతా అనుకున్నాం.

నాకు పెళ్ళయిన తర్వాత ఒకసారి బషీరాబాద్‌లో బస్సు కోసం నిలబడ్డాను. పక్కన సైకిళ్ళకు పంక్చర్లు వేసే చిన్న కొట్టు. పీట మీద కూర్చున్న మనిషి నన్ను చూసి, తాండూరు పటేల్ బిడ్డవు కదా అన్నాడు. ఒళ్ళంతా కరిగిపోయి చిన్న గొంతు ఒక్కటే మిగిలింది. చాచీ రెండేళ్ళ కింద పోయిందన్నాడు. పిల్లలు లేరు. నేను ఏడ్చేశాను. ఆయనే అడిగాడు.

"బండి ఎట్లున్నది బిడ్డా? బ్రేకు మంచిగ పడ్తున్నదా?"

పడుతున్నదని చెప్పాను. అసలు రబ్బర్లు కదా, పడతాయని సంతోషపడ్డాడు. నాయినను ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండునని ఎంత ఆశపడ్డానో. బస్సెక్కాక దారి పొడుగునా ఆయన మీద కూడా కోపమొచ్చింది నాకు. అంత మంచితనం ఎవరి కోసం?

అమ్మ మంచాన పడ్డ రోజుల్లో నేను పోయి కొన్నాళ్ళు ఉన్నాను. వంటింట్లో అలమర తెరిస్తే సూదులు, మొలలు, గొళ్ళేలు, తుప్పు పట్టినవి, పట్టనివి, కుప్పలుగా ఉన్నాయి. ఇన్నేళ్ళు ఎందుకమ్మా ఇదంతా, అవ్వ మీద కోపమేనా అని అడిగాను. అమ్మ నవ్వలేదు. మేడ వైపు చూసింది, మిషన్ల చప్పుడు వస్తున్న వైపు చూసింది.

"కోపం కాదు బిడ్డా. తప్పు చేసినోళ్ళ ఇల్లు గిదే అని శనికి తొవ్వ చూపిచ్చిన. ఎన్ని శనారాలు పిలిచినా రాలే."